మీ పిస్టళ్లలో ఏది ఎలా కొడుతుందో పరీక్షించడం ఎలా? అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

"అన్నా, నీ దగ్గరున్న వాటిలో ఏది బాగా కొడుతుంది?" డాలస్‌లో షూటింగ్ రేంజ్‌కి కొత్తగా వచ్చేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. దాని వెనకాలే ఇంకోటి వస్తుంది: "నా గ్లాక్ పిస్టల్ ఎప్పుడూ కిందికి, ఎడమకే కొడుతోంది. సైట్లు మార్పించాలా?" సైట్లంటే తుపాకీ మీద ముందూ వెనకా ఉండే గురి గుర్తులు.

తుపాకీ ఎంత కొట్టగలదు, దానికి ఏ తూటా నప్పుతుంది, మన చెయ్యి ఎంత చెడగొడుతోంది అన్న మూడు సంగతులూ విడివిడిగా తేలితే తప్ప ఆ రెండు ప్రశ్నలకూ జవాబు దొరకదు. చాలామంది ఈ మూడింటినీ కలగలిపేస్తారు. రెండు మ్యాగజైన్లు (తూటాల పెట్టెలు) గబగబా ఖాళీ చేసి, చిల్లులు పడ్డ కాగితాన్ని చూసి, తుపాకీ మీద తీర్పు చెప్పేస్తారు. ఆ తర్వాత ఖరీదైన ట్రిగ్గర్ కొంటారు. చిల్లులు మాత్రం మళ్లీ అక్కడే పడతాయి.

నాకు బాగా నచ్చిన ఐదింటిని ఉదాహరణగా పెట్టుకుని, పరీక్ష ఏ వరసలో చేయాలో కింద రాశాను. అవి రూగర్ మార్క్ 4, గ్లాక్ 19, సీజెడ్ 75 బి, స్మిత్ అండ్ వెసన్ 686 (ఇదొక్కటే రివాల్వర్), ఐదంగుళాల బ్యారెల్ ఉన్న 1911. మీ దగ్గర వేరేవి ఉన్నా పద్ధతి ఇదే.

## 1. ముందు కాగితాల సంగతి

ఈ భాగం దాటేసి ముందుకు వెళ్లకండి. హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. మీది ఏ స్టేటస్ అయినా అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, స్నేహితుల్ని కాదు.

ఇందులోనే ఇంకో చిక్కుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలో బావమరిదో విజిటర్ వీసా మీద వస్తారు. "ఒక్కసారి పట్టుకుని ఫోటో దిగండి" అని రేంజ్‌కి తీసుకెళ్లాలనిపిస్తుంది. వాళ్లకీ అదే నిషేధం వర్తిస్తుంది. సరదా ఎంత చిన్నదైనా వీసా రికార్డు మీద పడే మచ్చ చిన్నది కాదు. వాళ్లని లాబీలో అద్దం వెనక కూర్చోబెట్టండి.

లైసెన్సు ఉన్న డీలరు దగ్గర హ్యాండ్‌గన్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. తుపాకీని కారులో తీసుకెళ్లే నియమాలు, మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు పట్టొచ్చన్న పరిమితి రాష్ట్రానికో రకంగా ఉంటాయి. టెక్సాస్‌లో మామూలుగా అనిపించేది న్యూజెర్సీలో నేరం కావచ్చు.

## 2. ముందురోజు ఇంట్లో చేయాల్సినవి

పరీక్షలో సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది.

ముందు ప్రతి తుపాకీనీ ఖాళీ చేయండి. మ్యాగజైన్ తీయండి, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) లాగండి, చాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే చోటు) కళ్లతో చూడండి, ఆ తర్వాత చిటికెన వేలు పెట్టి తడమండి. ఈ వరస మారకూడదు. మ్యాగజైన్ తీయకుండా స్లైడ్ లాగితే చాంబర్‌లో ఉన్న తూటా బయటికి వస్తుంది, వెంటనే ఇంకోటి లోపలికి పోతుంది. తూటా బయట పడిందని మీరు ధీమాగా ఉంటారు.

గ్లాక్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి వచ్చాకే విప్పండి.

తర్వాత శుభ్రం చేయడం. బ్యారెల్ తళతళలాడేదాకా తోమక్కర్లేదు. చాంబర్, ఫీడ్ ర్యాంప్ (తూటా చాంబర్‌లోకి జారే వాలు), ఖాళీ గుల్లని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింది భాగం శుభ్రంగా ఉంటే చాలు. స్లైడ్ జారే పట్టాల మీద పల్చగా నూనె రాయండి. బ్యారెల్ లోపల నూనె మిగిలితే గుడ్డతో తుడిచేయండి, లేదంటే మొదటి ఒకటి రెండు రౌండ్లు వేరే చోట తగలొచ్చు.

స్క్రూలు చూడండి. గ్రిప్ స్క్రూ వదులైన 1911, రేర్ సైట్ (వెనక సైట్) కదిలే పాత సీజెడ్, ఈ రెండింటితో ఎంత జాగ్రత్తగా కాల్చినా గ్రూప్ (చిల్లులన్నీ దగ్గరదగ్గరగా పడటం) రాదు.

మార్క్ 4 సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఒక మాట. 2017 జూన్ 1కి ముందు తయారైన మార్క్ 4 లన్నిటినీ సేఫ్టీ లోపం వల్ల రూగర్ రీకాల్ చేసింది. సీరియల్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూసుకుని, మరమ్మతు జరిగిందని తేలాకే రేంజ్‌కి తీసుకెళ్లండి.

ఇక తూటాలు. ఒక్కో తుపాకీకి కనీసం రెండు రకాలు, వీలైతే మూడు. 9 ఎం.ఎం.లో 115, 124, 147 గ్రెయిన్ దొరుకుతాయి. అంటే బుల్లెట్ బరువు సుమారుగా 7.5, 8, 9.5 గ్రాములు. ఒక్క రకంతో కాల్చి తుపాకీకి మార్కులు వేయకూడదు.

బ్యాగులో పెట్టాల్సినవి

- కళ్లద్దాలు, ఇయర్ ప్లగ్స్, వాటి మీద పెట్టుకునే ఇయర్ మఫ్స్
- ప్రతి క్యాలిబర్‌కీ (తూటా సైజుకీ) డమ్మీ తూటాలు (స్నాప్ క్యాప్స్)
- మెత్తటి రెస్ట్ బ్యాగు, పాత టవలు
- చిన్న నల్ల గుండ్రాలున్న టార్గెట్లు, స్టేప్లర్ లేదా టేపు
- క్యాలిపర్ లేదా మామూలు స్కేలు, మార్కర్, నోటు పుస్తకం
- సైట్ తిప్పే స్క్రూడ్రైవర్, బ్రష్, నూనె, గుడ్డ ముక్కలు
- మెడ దాకా మూసుకునే చొక్కా, ముందు మూసి ఉండే బూట్లు

చొక్కా సంగతి ఎందుకంటే, సెమీ ఆటోమేటిక్ పిస్టల్ నుంచి ఎగిరే ఖాళీ షెల్ (కాలిన తూటా గుల్ల) పొయ్యి మీద పెనంలా కాలిపోతూ ఉంటుంది. అది కాలర్‌లో దూరితే మనిషి గిలగిల్లాడుతూ తుపాకీతో సహా పక్కకి తిరుగుతాడు. అసలు ప్రమాదం అక్కడుంది. షెల్ లోపల పడితే కాలనివ్వండి. ముందు వేలు తీసి, తుపాకీని టార్గెట్ వైపే ఉంచి బల్ల మీద పెట్టండి. ఆ తర్వాతే చొక్కా దులుపుకోండి.

## 3. రేంజ్‌లో అడుగుపెట్టాక

నియమాలు నాలుగే. ప్రతి తుపాకీనీ లోడ్ అయి ఉన్నట్టే చూడాలి. నాశనమైనా ఫరవాలేదనుకున్న దానివైపు తప్ప దేనివైపూ దాన్ని తిప్పకూడదు. సైట్లు టార్గెట్ మీద నిలిచేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. టార్గెట్ ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి.

అవుట్‌డోర్ రేంజ్‌లో "సీజ్ ఫైర్" (కాల్పులు ఆపండి) అన్నారంటే, జనం టార్గెట్ల దగ్గరికి వెళ్లి తిరిగొచ్చేదాకా తుపాకీని ముట్టుకోకూడదు. బ్యాగులో సర్దుకోవడం కూడా వద్దు. ఆ కొద్ది నిమిషాల్లో నోటు పుస్తకం రాసుకోండి.

చెవుల విషయంలో పిసినారితనం పనికిరాదు. పిస్టల్ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది. 140 దగ్గరే చెవికి హాని మొదలవుతుంది. ఇండోర్‌లో ప్లగ్స్, వాటిపైన మఫ్స్, రెండూ ఉండాలి. పక్క లేన్‌లో ఎవరైనా .357 మ్యాగ్నమ్ (బలమైన రివాల్వర్ తూటా) కాలుస్తుంటే ఎందుకో మీకే అర్థమవుతుంది.

## 4. వరస ముఖ్యం: చిన్నది ముందు, పెద్దది చివర

నా వరస ఇది: మార్క్ 4, ఆ తర్వాత సీజెడ్, గ్లాక్, 1911, చివరికి 686లో .357.

పెద్ద రికాయిల్ (తుపాకీ వెనక్కి తన్నడం) ఒక్కసారి తగిలితే మెదడు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత మార్క్ 4 లాంటి చిన్న .22 పట్టుకున్నా చెయ్యి ముందే బిగుసుకుంటుంది. మ్యాగ్నమ్‌తో మొదలుపెట్టినవాళ్ల .22 గ్రూపులు చూస్తే తుపాకీ పాడైందేమో అనిపిస్తుంది.

ఐదూ ఒకే రోజు కాల్చాలన్న ఆశ కూడా మానుకోండి. గంట దాటాక కళ్లు అలిసిపోతాయి, ముంజేయి వణుకుతుంది. ఒక రోజుకి రెండు తుపాకులు చాలు. మూడోది సరదాకి కాల్చుకోండి, దాని ఫలితం మాత్రం రాయకండి.

## 5. బెంచ్ మీద: తుపాకీ సత్తా తేల్చే పరీక్ష

ఇక్కడ మీ చేతి వణుకును లెక్కలోంచి తీసేయాలి. అందుకే కూర్చుని, రెస్ట్ మీద పెట్టి కాలుస్తాం. దూరం 25 గజాలు. కొత్తవాళ్లయితే 15 గజాలు చాలు, కానీ ఎప్పుడూ అదే దూరం ఉంచండి.

1. కుర్చీ ఎత్తు సరిచూసుకోండి. మెడ వంచితే కళ్లు త్వరగా అలుస్తాయి. తుపాకీయే కంటి ఎత్తుకి రావాలి.
2. రెండు ముంజేతులూ బ్యాగు మీద ఆనించండి. తుపాకీ గ్రిప్ అడుగుభాగం గట్టి బల్లకి తగలకూడదు. తగిలితే తుపాకీ ఎగిరే తీరు మారి, చిల్లులు పైకి పోతాయి.
3. రివాల్వర్ అయితే సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య ఉన్న సందు బ్యాగుకి, వేళ్లకి దూరంగా ఉండాలి. అందులోంచి వచ్చే వేడి గ్యాసు బ్యాగుని కోసేస్తుంది, వేలిని ఇంకా సులువుగా కోస్తుంది. పాత టవలు అందుకే.
4. చూపు ఫ్రంట్ సైట్ మీద ఉండాలి. టార్గెట్ మసగ్గా కనిపించాలి. రెండూ స్పష్టంగా కనిపించాలని కన్ను అటూ ఇటూ తిప్పితే గ్రూప్ చెదిరిపోతుంది.
5. రెండు రౌండ్లు పక్క కాగితం మీద వృథాగా కాల్చండి. తర్వాత ఐదు రౌండ్లు, ఒక్కో దానికి ఊపిరి తీసుకునేంత విరామంతో.
6. మధ్యలో చిల్లులు చూడకండి. చూసిన మరుక్షణం గురి దిద్దుకోవాలనిపిస్తుంది.
7. తూటా రకం మార్చిన ప్రతిసారీ కొత్త కాగితం. దాని మీద తుపాకీ, తూటా, దూరం అక్కడికక్కడే రాయండి. ఇంటికెళ్లాక ఏది ఏదో తెలియదు.

ఒక్కో రకం తూటాతో కనీసం మూడు గ్రూపులు, ఓపికుంటే ఐదు కాల్చండి. ఒకే ఒక్క చిన్న గ్రూప్ వచ్చిందని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్లని చాలామందిని చూశాను. ఆ ఒక్కటీ అదృష్టం. మిగతా నాలుగూ కలిపితేనే నిజం.

## 6. కొలవడం

ఐదు చిల్లుల్లో ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్న రెండింటిని తీసుకోండి. వాటి బయటి అంచు నుంచి బయటి అంచు దాకా కొలిచి, అందులోంచి బుల్లెట్ వ్యాసం తీసేయండి. 9 ఎం.ఎం.కి 0.355 అంగుళం, .45కి 0.452, .38కీ .357కీ 0.357, .22కి 0.22 తీయాలి. వచ్చిందే మీ గ్రూప్ సైజు. అన్ని గ్రూపుల సగటు రాయండి.

విడిగా పడ్డ ఒక చిల్లుని "అది నా తప్పే" అని వదిలేయొచ్చా? ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే, కాగితం చూడకముందే తప్పని మీకు తెలిసి ఉంటే వదిలేయొచ్చు. చూశాక వదిలేస్తే అది దొంగలెక్క.

25 గజాల దగ్గర మామూలు సర్వీస్ పిస్టల్ రెండున్నర నుంచి నాలుగు అంగుళాల్లో పెడితే దానికి వంక పెట్టనక్కర్లేదు. మార్క్ 4 టార్గెట్ మోడల్, 686 లాంటివి నప్పిన తూటాతో రెండంగుళాల లోపుకి రాగలవు.

గ్రూప్ ఎక్కడ పడిందన్నది వేరే లెక్క. ఐదు చిల్లుల మధ్య బిందువు గురి పెట్టిన చోటుకి ఎంత పైకి, ఎంత పక్కకి ఉందో రాయండి. గ్రూప్ చిన్నదై పక్కన పడితే సైట్ల పని. గ్రూపే పెద్దదైతే సైట్లు ముట్టుకోకండి.

## 7. సైట్లు సరిచేసే లెక్క

రేర్ సైట్‌ని చిల్లులు ఎటు జరగాలో అటే జరపాలి. ఫ్రంట్ సైట్ దానికి రివర్స్.

ఎంత జరపాలన్నదానికి సూత్రం ఒకటే: చిల్లు ఎంత తప్పిందో దాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించాలి. అన్నీ అంగుళాల్లోనే వేయండి.

గ్లాక్ 19లో సైట్ల మధ్య దూరం సుమారు 6 అంగుళాలు. 25 గజాలంటే 900 అంగుళాలు. గ్రూప్ 3 అంగుళాలు ఎడమకి పడిందనుకోండి. 3 x 6 / 900 = 0.02 అంగుళం. అంటే అర మిల్లీమీటరు కుడికి. సుత్తితో ఠంగుమని కొట్టి జరిపే పని కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. సైట్ పుషర్ అనే పరికరం చాలా గన్ షాపుల్లో ఉంటుంది, వాళ్లతో చేయించండి. జరిపే ముందు సైట్ మీద, స్లైడ్ మీద కలిసేలా పెన్సిల్‌తో సన్నటి గీత గీస్తే ఎంత కదిలిందో కనిపిస్తుంది.

గ్లాక్ రేర్ సైట్లు 6.1, 6.5, 6.9, 7.3 మి.మీ. ఎత్తుల్లో దొరుకుతాయి. ఒక మెట్టు మారిస్తే 25 గజాల దగ్గర చిల్లు రెండున్నర అంగుళాలు జరుగుతుంది. ఎత్తు పెరిగితే పైకి, తగ్గితే కిందికి.

సైట్ల జోలికి పోయే ముందు తూటా మార్చి చూడండి. పిస్టల్‌లో బరువైన బుల్లెట్ సాధారణంగా పైకి తగులుతుంది. విని చాలామంది తలకిందులుగా ఉందే అంటారు. కారణం ఇది: బరువైన బుల్లెట్ నెమ్మదిగా కదులుతుంది, బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, ఆ లోపు రికాయిల్‌కి బ్యారెల్ మూతి పైకి లేస్తూనే ఉంటుంది. కాబట్టి 115 గ్రెయిన్‌తో కిందికి కొట్టే పిస్టల్ 147తో సరిగ్గా కొట్టవచ్చు. సైట్ ఖర్చు మిగిలినట్టే.

## 8. నిలబడి కాల్చడం: ఇప్పుడు మీ వంతు

బెంచ్ మీద తుపాకీ సత్తా తేలింది. ఇప్పుడు అదే తూటాతో, అదే దూరంలో నిలబడి, రెండు చేతులతో ఐదు రౌండ్లు. రెండు గ్రూపుల తేడా మొత్తం మీదే.

కుడిచేతి వాళ్లకి చిల్లులు కిందికి, ఎడమకి పోతుంటే, దాదాపు ఎప్పుడూ కారణం ఒక్కటే. పేలుతుందని ముందే ఊహించి, మొత్తం పిడికిలి బిగించి, మణికట్టు కిందికి వంచేస్తారు. సైట్లు కుడికి జరిపితే ఆ రోజుకి చిల్లు మధ్యలో పడుతుంది. టెన్షన్ తగ్గిన రోజున కుడికి పడుతుంది.

నిర్ధారించుకునే పద్ధతి

- స్నేహితుడి చేత మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య అక్కడక్కడా డమ్మీలు పెట్టించండి. ఎక్కడ పెట్టాడో మీకు తెలియకూడదు.
- డమ్మీ వచ్చినప్పుడు చప్పుడు రాదు, కానీ బ్యారెల్ మూతి గభాలున కిందికి దిగితే దొంగ దొరికినట్టే.
- ఫోన్‌లో స్లో మోషన్ వీడియో పక్కనుంచి తీయించండి. తీసేవాళ్లు ఫైరింగ్ లైన్ వెనకే ఉండాలి.
- రివాల్వర్‌లో ఇది ఇంకా సులువు. కొన్ని చాంబర్లలో డమ్మీలు పెట్టి, సిలిండర్ తిప్పి, చూడకుండా మూయండి.

ఈ అలవాటుకి మందు ఇంట్లోనే ఉంది. తూటాలు లేని గదిలో, ఖాళీ తుపాకీతో, గట్టి గోడకి ఎదురుగా డ్రై ఫైర్ చేయండి. ఫ్రంట్ సైట్ కదలకుండా ట్రిగ్గర్ పూర్తిగా నొక్కగలగాలి. వారంలో కొద్ది కొద్దిగా చేసినా నెల తిరిగేసరికి కాగితం మీద తేడా కనిపిస్తుంది. .22 రిమ్‌ఫైర్‌లకి మాత్రం ముందు మాన్యువల్ చూడండి. కొన్ని మోడళ్లలో ఖాళీగా కొడితే ఫైరింగ్ పిన్ చాంబర్ అంచుకి తగిలి పాడవుతుంది.

పట్టు గురించి ఒక హెచ్చరిక. సెమీ ఆటోలో రెండు బొటనవేళ్లూ ముందుకి చాచి పెట్టడం అలవాటైన చేతులు, రివాల్వర్ పట్టుకున్నా అలాగే పోతాయి. అక్కడ వేలి కొసకి ఎదురుగా ఉండేది సిలిండర్ సందు. రివాల్వర్‌కి బొటనవేలు మీద బొటనవేలు మడిచి పెట్టండి. రివాల్వర్ అలవాటున్నవాళ్లు దీనికి తలకిందులు: ఎడమ బొటనవేలు స్లైడ్ వెనక్కి పోతుంది, స్లైడ్ వచ్చి చర్మం చీల్చేస్తుంది. తుపాకీ మార్చిన ప్రతిసారీ మొదటి రౌండుకి ముందు వేళ్లవైపు ఒకసారి చూసుకోండి.

## 9. ఐదూ ఎలా కొడతాయి, ఎక్కడ మొరాయిస్తాయి

రూగర్ మార్క్ 4 (.22 ఎల్ఆర్). తన్నే తన్నదు. అందుకే మీ ట్రిగ్గర్ తప్పులన్నీ ఇక్కడ బయటపడతాయి. .22లో తూటాకీ తూటాకీ తేడా చాలా ఎక్కువ. బల్క్ డబ్బా కొనే ముందు నాలుగైదు బ్రాండ్ల చిన్న పెట్టెలు తెచ్చి పరీక్షించండి. సెకనుకి 1,070 అడుగుల దగ్గర ఉండే స్టాండర్డ్ వెలాసిటీ రకంతో మొదలుపెట్టడం మంచిది. ఇరుక్కోవడం మొదలైతే పది సార్లకి తొమ్మిది సార్లు చాంబర్ మురికే కారణం. ఒక బ్రష్ తిప్పితే సరిపోతుంది.

గ్లాక్ 19 (9 ఎం.ఎం.). ట్రిగ్గర్ సుమారు రెండున్నర కిలోలు, కొంచెం మెత్తగా, జిగురుగా. బెంచ్ మీద బాగానే పెడుతుంది, నిలబడితే మనిషిని బట్టి ఉంటుంది. తుపాకీ తేలిక కాబట్టి ట్రిగ్గర్ లాగుతుంటే తుపాకీయే కదులుతుంది. వేలి మొదటి కణుపు మెత్త మీద ట్రిగ్గర్ ఉండేలా చూసుకోండి. పట్టు వదులైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోక షెల్ ఇరుక్కుంటుంది. తుపాకీని తిట్టేముందు మణికట్టు బిగించి చూడండి.

సీజెడ్ 75 బి (9 ఎం.ఎం.). నా ఐదింటిలో చేతికి చక్కగా ఒదిగేది ఇదే. స్లైడ్ ఫ్రేమ్ లోపలి పట్టాల మీద జారుతుంది, పైగా ఉక్కు ఫ్రేమ్, కిలో బరువు. తన్ను నేరుగా వెనక్కి వస్తుంది, సైట్లు తిరిగి అక్కడికే వచ్చి కూర్చుంటాయి. అసౌకర్యం కూడా ఆ నిర్మాణంలోనే ఉంది. బయటికి కనిపించే స్లైడ్ సన్నం కాబట్టి చెమట చేతులతో లాగడం కష్టం. డబుల్ యాక్షన్‌లో (ట్రిగ్గర్ లాగితేనే సుత్తి లాంటి హ్యామర్ లేచి పడే పద్ధతి) మొదటి రౌండు ట్రిగ్గర్ బరువుగా, పొడుగ్గా ఉంటుంది. ఆ మొదటి చిల్లుని గ్రూప్‌లో కలపకుండా విడిగా గుర్తుపెట్టాలి. బి మోడల్‌లో డీకాకర్ (హ్యామర్‌ని భద్రంగా దించే మీట) ఉండదు. లోడ్ అయిన చాంబర్ మీద హ్యామర్‌ని వేలితో దించే పని పరీక్ష కోసం చేయకండి. డబుల్ యాక్షన్ సాధన డమ్మీలతోనే చేయండి. డీకాకర్ ఉన్న బీడీ మోడల్ అయితే ఆ తలనొప్పి లేదు.

1911 (.45 ఏసీపీ). 230 గ్రెయిన్ బుల్లెట్, సెకనుకి 830 అడుగుల వేగం. తన్ను బలంగా ఉన్నా నెమ్మదిగా, తోసినట్టు వస్తుంది, చెంపదెబ్బలా ఉండదు. ట్రిగ్గర్ నేరుగా వెనక్కి జరుగుతుంది కాబట్టి బెంచ్ మీద కాల్చడానికి హాయి. కొంతమంది చేతికి గ్రిప్ సేఫ్టీ (పిడి వెనక ఉండే మీట) సరిగ్గా నొక్కుకోదు, ట్రిగ్గర్ కదలదు. పట్టు కాస్త కిందికి దించితే తెలిసిపోతుంది. తూటా ఎక్కకపోతే ముందు మ్యాగజైన్ మార్చండి, తర్వాత మామూలు గుండ్రటి ముక్కు బుల్లెట్‌తో చూడండి. ఐదంగుళాల .45కి రికాయిల్ స్ప్రింగ్ మామూలుగా 16 పౌండ్లది. పాతదై మెత్తబడితే స్లైడ్ బలంగా వెనక్కి గుద్దుకుంటుంది, షెల్స్ దూరంగా ఎగురుతాయి. స్ప్రింగ్ ఖరీదు చాలా తక్కువ, మార్చేయండి. ఖాళీ చాంబర్ మీదికి స్లైడ్‌ని ఠప్పున వదలకండి.

స్మిత్ అండ్ వెసన్ 686 (.357 మ్యాగ్నమ్). ఒకే తుపాకీలో రెండు స్వభావాలు. .38 స్పెషల్ వేస్తే పిల్లి, .357 వేస్తే పులి. రెండింటికీ చిల్లులు ఒకేచోట పడవు, కాబట్టి సైట్లు దేనికి కట్టారో పుస్తకంలో రాసి పెట్టుకోండి. సింగిల్ యాక్షన్‌లో (హ్యామర్ ముందే ఎత్తి పెట్టి కాలిస్తే) ట్రిగ్గర్ గాజు పుల్లలా విరుగుతుంది. డబుల్ యాక్షన్‌లో సుమారు ఐదు కిలోలు ఆగకుండా లాగాలి. మధ్యలో ఆపి గురి సరిచూసుకుంటే చెడుతుంది.

686లో ఎదురయ్యే ఇబ్బందులు, వాటి మందు:

- .38లు చాలా కాల్చాక .357 తూటాలు బిగుసుకోవడం: .38 షెల్ పొట్టి, దాని ముందు చాంబర్‌లో మసి ఉంగరంలా పేరుకుంటుంది. బ్రష్‌తో గీయండి, బలవంతంగా తోయకండి.
- సిలిండర్ మూసుకోకపోవడం: ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద కాలని మందు రేణువులు. ఖాళీ షెల్స్ తోసేటప్పుడు బ్యారెల్ మూతి పైకి ఉంచితే అవి అక్కడ చేరవు.
- ప్రైమర్ (తూటా అడుగున మందు అంటించే భాగం) మీద దెబ్బ పడినా పేలకపోవడం: గ్రిప్ ముందుభాగంలో ఉండే స్ట్రెయిన్ స్క్రూ వదులైందేమో చూడండి.

## 10. పేలకపోతే, చప్పుడు తేడాగా వస్తే

ట్రిగ్గర్ నొక్కితే పేలలేదా? తుపాకీ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. రివాల్వర్‌లో వెంటనే ఇంకోసారి నొక్కకండి. ఆలస్యంగా పేలే తూటా అప్పటికి బ్యారెల్ ముందునుంచి పక్కకి తిరిగిపోయి ఉంటుంది.

"టప్" అని సన్నటి చప్పుడు వచ్చి, తన్ను తెలియకపోతే, వెంటనే ఆపేయండి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పేలినా పేలుతుంది. తుపాకీ ఖాళీ చేసి రేంజ్ ఆఫీసరుని పిలవండి.

## 11. అయిపోయాక

ప్రైమర్ పొగలో సీసం ఉంటుంది. చేతులు, ముంజేతులు, ముఖం చల్లటి నీళ్లతో, సబ్బుతో కడుక్కోండి. అంతవరకు సమోసా ముట్టుకోవద్దు, కాఫీ కప్పు కూడా. ఇంటికెళ్లగానే బట్టలు విడిగా ఉతకండి. చిన్నపిల్లలుంటే ఎత్తుకునేది ఆ తర్వాతే.

ఇంటికొచ్చాక వరసగా

- ప్రతి తుపాకీ చాంబర్ మళ్లీ చూడటం
- రివాల్వర్ చాంబర్లు, .22 చాంబర్ అదే రోజు తోమడం, మిగతావి మర్నాడైనా ఫరవాలేదు
- తుపాకులు సేఫ్‌లో, తూటాలు విడిగా తాళంలో
- నోటు పుస్తకంలో తుపాకీ, తూటా, దూరం, బెంచ్ సగటు, నిలబడి సగటు, మధ్య బిందువు ఎటు ఎంత, మొరాయింపులు

బతుకమ్మకో పుట్టినరోజుకో ఇల్లంతా జనం నిండినప్పుడు పిల్లలు బెడ్‌రూములన్నీ తిరుగుతారు. జాగ్రత్త లేకుండా వదిలేసిన లోడ్ చేసిన తుపాకీ 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సాస్‌లో అది నేరం. డ్రాయరు అడుగున దాచడం తాళం కిందికి రాదు.

చివరిగా బ్యాగు. రేంజ్‌కి వాడే బ్యాగుని ప్రయాణాలకి వాడకండి. జేబు మడతలో ఉండిపోయిన ఒక్క .22 తూటా చాలు, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో స్కానర్ పట్టుకుంటే ఆయుధ చట్టం కింద కేసు పెడతారు. తుపాకీ లేదు, తూటా ఒక్కటే, అదీ మరచిపోయాను అంటే అక్కడికక్కడ వదిలేయరు. రేంజ్‌కి వేసుకెళ్లిన జాకెట్ జేబులు కూడా సూట్‌కేసు సర్దే ముందు బోర్లించి దులపండి.